ఏ విమానం, ఏ రోజు: సిమ్యులేటర్ యుద్ధ విమానానికి చరిత్రకు తగ్గ స్కిన్ చేయడం ఎలా

ఫ్లైట్ సిమ్యులేటర్ ఆటలో విమానం ఒంటికి చుట్టే రంగుల బొమ్మను స్కిన్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌కు నేను చేసిన మొట్టమొదటి స్కిన్ చూడటానికి చాలా బాగుండేది. రెక్కల మీద, తోక దగ్గర నలుపు తెలుపు గీతలు, పక్కన పెద్ద అక్షరాలు, పొగ గొట్టాల వెనక మసి. ఆ రాత్రి నాతో కలిసి ఎగిరిన ఒక పెద్దాయన ఒకే ప్రశ్న వేశారు: "ఇది మే నెల మిషన్ కదా, ఈ గీతలు ఎవరు వేశారు?" నార్మండీ దాడికి ముందు, 1944 జూన్ మొదటి వారంలో వేసిన గీతలవి. నేను ఎంచుకున్న పైలట్ ఆ విమానం నడిపింది మే నెలలో. వారం రోజుల పని ఒక్క మాటతో తేలిపోయింది.

అప్పటి నుంచి కంప్యూటర్ తెరవడానికి ముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకుంటున్నాను: విమానం సీరియల్ నంబరు, స్క్వాడ్రన్ (అది ఏ విమాన దళానిది), తేదీ. మూడింటిలో తేదీయే కీలకం. "స్పిట్‌ఫైర్ మార్క్ 9" అని ఊరికే అనుకుంటే సరైన రంగు ఏదో చెప్పలేం. "1944 జూన్ 6 ఉదయం ఈ నంబరు స్పిట్‌ఫైర్" అనుకుంటే చెప్పగలం. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

తేదీని బట్టి రంగు

బ్రిటిష్ వాయుసేన ఫైటర్లనే తీసుకోండి. 1940 వేసవిలో పైన ముదురు ఆకుపచ్చ, మట్టి గోధుమ. కింద "స్కై" అని పిలిచే పాలిపోయిన లేత ఆకుపచ్చ. ఆ నవంబరు చివరి నుంచి తోకకు ముందు స్కై రంగు పట్టీ వచ్చింది, ప్రొపెల్లర్ ముందుండే శంకువుకూ అదే రంగు పడింది. 1941 ఆగస్టులో మట్టి రంగు పోయి ఓషన్ గ్రే, కింద మీడియం సీ గ్రే వచ్చాయి. 1942 మధ్యలో వలయ చిహ్నాల్లో, అంటే విమానం మీది గుండ్రటి జాతీయ గుర్తుల్లో, తెలుపు, పసుపు వలయాలు సన్నబడ్డాయి. 1944 జూన్‌లో దాడి గీతలు. 1945 జనవరిలో యూరప్ నేల మీదున్న రెండో టాక్టికల్ ఎయిర్‌ఫోర్స్ ఫైటర్లకు తోక పట్టీ చెరిపేసి, శంకువుకు నలుపు వేశారు. అయిదేళ్లలో ఇన్ని మార్పులు. ఒక పట్టీ ఉందా లేదా అన్నది చూసి ఫొటో ఏ కాలానిదో చెప్పగలిగేవారు అందుకే ఉంటారు, వాళ్లలో కొందరు మీతో పాటే ఎగురుతుంటారు.

అమెరికన్ విమానాల మీది నక్షత్రం గుర్తు కథా ఇలాంటిదే. 1942 మేలో దాని మధ్యనున్న ఎర్ర చుక్కను తీసేశారు. జపాన్ గుర్తు అనుకుని తమవాళ్లే కాల్చే ప్రమాదం ఉండేది. 1943 జూన్ చివర నక్షత్రానికి రెండు పక్కలా తెల్ల పట్టీలు, చుట్టూ ఎర్ర అంచు వచ్చాయి. కొద్ది నెలలకే ఆ ఎర్ర అంచునూ నీలంగా మార్చేశారు. అంటే ఎర్ర అంచున్న నక్షత్రం మీ స్కిన్‌లో ఉంటే, మీ మిషన్ తేదీ 1943 జూన్ చివరి నుంచి కొద్ది నెలల్లోనే ఉండాలి. బర్మా వైపు ఎగిరిన బ్రిటిష్, భారత వాయుసేన విమానాల వలయాల్లోనూ ఇదే కారణంగా ఎరుపు పోయి, ముదురు నీలం మధ్యలో లేత నీలం మిగిలింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆదేశం వెలువడిన తేదీ ఒకటి, మెకానిక్ చేతిలో కుంచె తడిసిన తేదీ మరొకటి. 1941 ఆగస్టులో ఓషన్ గ్రే డబ్బాలు అందని స్క్వాడ్రన్లు ఏడు పాళ్ల మీడియం సీ గ్రేలో ఒక పాలు నలుపు కలిపి వాడుకున్నాయి. కాబట్టి ఆ నెలల నాటి విమానానికి "సరైన" ఓషన్ గ్రే వేస్తే అదే తప్పు కావచ్చు. నియమాల పుస్తకం మీకు మొదటి అంచనా మాత్రమే ఇస్తుంది. దాన్ని ఖాయం చేసేది ఫొటో.

ఆధారాలు వెతకడం

వీలైతే మీరు ఎంచుకున్న విమానానికే ఫొటో దొరికేదాకా పని మొదలుపెట్టకండి. పేరున్న పైలట్ల విమానాలతో మొదలుపెట్టడం తేలిక, ఎందుకంటే వాటికి ఫొటోలు ఎక్కువ. ఉదాహరణకు బ్రిటిష్ పైలట్ జానీ జాన్సన్ 1944లో నడిపిన స్పిట్‌ఫైర్ మార్క్ 9, సీరియల్ ఎంకే392. దాని పక్కన స్క్వాడ్రన్ కోడ్, అంటే ఏ స్క్వాడ్రన్‌దో చెప్పే అక్షరాలు, ఉండదు. జేఈ-జే అని ఆయన సొంత పేరులోని అక్షరాలుంటాయి. కొన్ని స్క్వాడ్రన్లను కలిపి నడిపే వింగ్ కమాండర్లకు ఆ వెసులుబాటు ఉండేది. ఈ సంగతి తెలియకపోతే జేఈ అనే స్క్వాడ్రన్ ఏదా అని రెండు రోజులు వెతుకుతారు.

కాగితపు ఆధారాల్లో నాకు బాగా ఇష్టమైనవి స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు. బ్రిటిష్ స్క్వాడ్రన్లవి ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరుసలో ఉన్నాయి. అందులో ఫారం 540 ఆ నెల కథ చెబుతుంది. ఫారం 541 ఏ రోజు, ఏ పైలట్, ఏ సీరియల్ నంబరు విమానంలో, ఎన్ని గంటలకు లేచి ఎన్ని గంటలకు దిగాడో చెబుతుంది. మనకు కావలసింది రెండోది. అమెరికన్ విమానాలకైతే తిరిగిరాని విమానాల గురించి రాసిన మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్టుల్లో సీరియల్ నంబరు, ఇంజిన్ నంబరు, కొన్నిసార్లు ముద్దుపేరు కూడా దొరుకుతాయి.

ఫొటోను నమ్మేటప్పుడు కాస్త అనుమానం మిగుల్చుకోండి. ఆ రోజుల్లో కొందరు వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు. దానిలో ఎరుపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం తేలికగా పడతాయి. వలయం చుట్టూ ఉన్న పసుపు అంచు నల్ల గీతలా కనిపిస్తే, అది కొత్త రకం చిహ్నమని సంబరపడకండి. ఫిల్ము రకం అది. పాంక్రొమాటిక్ ఫిల్ములో ఎరుపు, నీలం దాదాపు ఒకే బూడిద ఛాయలో కలిసిపోతాయి. అందుకే నలుపు తెలుపు ఫొటోలో మొదట రంగు తెలిసిన వస్తువును, అంటే జాతీయ చిహ్నాన్ని చూసి ఫిల్ము స్వభావం పట్టుకోవాలి. తర్వాతే తెలియని రంగు జోలికి వెళ్లాలి.

ఇంకో మూడు రకాల బొమ్మల్ని ఆధారాల జాబితాలోంచి తీసేయండి. ఈ మధ్య రంగులద్దిన పాత ఫొటోలు: ఆ రంగు వేసిన వ్యక్తి కూడా మీలాగే ఊహించాడు. మ్యూజియంలో నిగనిగలాడే విమానాలు: అవి ఎండా వానా తట్టుకోవడానికి ఇప్పటి పెయింటుతో మెరుస్తుంటాయి, ఒక్కోసారి వాటి మీది గుర్తులు వేరే విమానానివి. మూడోది, ప్లాస్టిక్ మోడల్ కిట్‌తో వచ్చే రంగుల పట్టిక. అది తప్పని కాదు, కానీ అది ఎవరో తేల్చిన తీర్పు. మీకు కావలసింది సాక్ష్యం.

ఎడమవైపు ఫొటో దొరికిందని కుడివైపును అద్దంలో తిప్పి అతికించకండి. కోడ్ అక్షరాల క్రమం రెండు వైపులా ఒకేలా ఉందో తిరగబడిందో స్క్వాడ్రన్‌ను బట్టి మారుతుంది. పైలట్ వేయించుకున్న బొమ్మ చాలా విమానాల మీద ఒకవైపే ఉండేది. అదే స్క్వాడ్రన్‌లోని మరో విమానం కుడివైపు ఫొటో దొరికితే దాన్ని అనుసరించండి. ఏదీ దొరకకపోతే ఊహించండి, కానీ ఊహించానని ఎక్కడో రాసి పెట్టుకోండి. చివర్లో దానితో పని ఉంది.

టెంప్లేట్ విప్పడం, కొలత తీయడం

విమానం చర్మాన్ని ఒలిచి బల్ల మీద పరిచినట్టు ఉండే చదును బొమ్మే టెంప్లేట్. ఆట తయారుచేసినవారు ఇచ్చే లేయర్ల ఫైలు దొరికితే అదే వాడండి. అందులో పలకల గీతలు, రివెట్లు, నీడలు వేర్వేరు లేయర్లలో ఉంటాయి. ఫొటోషాప్ ఉంటే సరే, లేకపోతే గింప్, క్రిటా చాలు. గుర్తులు, అక్షరాలు గీయడానికి ఇంక్‌స్కేప్ లాంటి వెక్టర్ సాధనం పక్కన ఉంచుకోండి.

రంగు వేయకముందు ఒక పరీక్ష చేయండి. టెంప్లేట్ మొత్తం మీద గళ్ళు గీసి, ప్రతి గడిలో ఒక సంఖ్య రాసి, ఆటలో ఎక్కించి విమానం చుట్టూ తిరగండి. మూడు సంగతులు తెలుస్తాయి. ఏ ముక్క ఎక్కడ కూర్చుంటుందో. ఏ ముక్క రెండు వైపులా వాడబడుతోందో. సంఖ్య ఒకచోట తిరగబడి కనిపిస్తే ఆ భాగంలో అక్షరాలు రాయలేరని అర్థం. ఎక్కడ గడి సాగుతోందో. ముక్కు దగ్గర, రెక్క దేహాన్ని కలిసే మలుపులో చతురస్రం సాగి దీర్ఘచతురస్రం అవుతుంది, అక్కడ వలయం గుండ్రంగా కనిపించాలంటే టెంప్లేట్‌లో కోడిగుడ్డులా గీయాలి. ఈ పరీక్షకు అరగంట పడుతుంది, తర్వాత రెండు రోజులు మిగులుస్తుంది.

తర్వాత కొలత. కంటితో చూసి "ఇంతే ఉంటుందిలే" అని వలయం వేయడం వల్లే చాలా స్కిన్లు చూడగానే తేడాగా అనిపిస్తాయి. కొలత తెలిసిన వస్తువు ఒకటి పట్టుకోండి. స్పిట్‌ఫైర్ నిలువు తోక మీది మూడు రంగుల గుర్తు 1942 మధ్య నుంచి 24 అంగుళాల చతురస్రం: ఎరుపు 11, తెలుపు 2, నీలం 11 అంగుళాలు. టెంప్లేట్‌లో దాని స్థానం 240 పిక్సెళ్లు వస్తే, అంగుళానికి 10 పిక్సెళ్లు. ఇక మిగతావన్నీ లెక్కే. దేహం పక్కన ఉండే వలయం వ్యాసం 36 అంగుళాలు, అంటే 360 పిక్సెళ్లు. అందులో మధ్య ఎరుపు 12 అంగుళాలు, తెలుపు బయటి అంచు 16, నీలం 32, పసుపు 36. సీరియల్ నంబరు ఎత్తు 8 అంగుళాలు, అంటే 80 పిక్సెళ్లు. స్కై పట్టీ వెడల్పు 18 అంగుళాలు, 180 పిక్సెళ్లు.

రెక్కల ముక్కకు ఇదే లెక్క పనికిరాదు, ఎందుకంటే టెంప్లేట్‌లో దేహం ఒక నిష్పత్తిలో, రెక్క మరో నిష్పత్తిలో ఉండవచ్చు. స్పిట్‌ఫైర్ రెక్కలు చివర నుంచి చివరకు 36 అడుగుల 10 అంగుళాలు, అంటే 442 అంగుళాలు. టెంప్లేట్‌లో ఆ పొడవు 3,536 పిక్సెళ్లు ఉంటే అంగుళానికి 8 పిక్సెళ్లే. రెక్క పైన వేసేది తెలుపు లేని రకం వలయం. అందులో ఎరుపు, నీలం వ్యాసాల నిష్పత్తి 2:5. ప్రతి ముక్కకూ దాని కొలత ఒక మూల రాసి పెట్టుకోండి.

రంగు ఎంచుకోవడం

లేయర్ల క్రమం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: అడుగున లోహం, దాని మీద ప్రైమర్, పైన కామఫ్లాజ్, ఆపైన గుర్తులు, ఆపైన మాసిపోవడం, అన్నిటికంటే పైన పలకల గీతలు. నిజం విమానానికి ఏ వరుసలో పూతలు పడ్డాయో అదే వరుస. ఇలా పెడితే రంగు ఊడిన చోట లేయర్‌ను చెరిపితే చాలు, కింద ఉన్నది దానంతట అదే బయటపడుతుంది.

రంగు విలువల గురించి గొడవలు అంతులేనివి. బ్రిటిష్ రంగులకు బీఎస్ 381సీ ప్రమాణం ఒక మంచి పునాది: స్కై 210, మట్టి గోధుమ 450, మీడియం సీ గ్రే 637. ఆ సంఖ్యకు తెర మీద విలువ వెతికి తెచ్చుకుని, అక్కడితో ఆగకుండా సరిదిద్దండి. పెయింటు నమూనా ముక్కను చేతిలో పట్టుకుని చూస్తే కనిపించే రంగు, అదే రంగు వంద అడుగుల దూరాన విమానం మీద కనిపించే తీరు ఒకటి కాదు. దూరం పెరిగే కొద్దీ రంగు పాలిపోతుంది. పైగా ఆటలోని ఎండ మీ రంగును మరింత వెలిగిస్తుంది. టెంప్లేట్‌లో సరిగ్గా ఉన్న ముదురు ఆకుపచ్చ ఆటలో అరటాకులా మెరిసిపోతే తప్పు మీది కాదు, కానీ సరిదిద్దాల్సింది మీరే.

శుద్ధ నలుపు, శుద్ధ తెలుపు ఎక్కడా వాడకండి. 0 నుంచి 255 వరకు ఉండే విలువల్లో నలుపును 30 దగ్గర, తెలుపును 240 దగ్గర ఆపండి. 0 పెడితే ఆ చోట నీడ పడ్డా వెలుగు పడ్డా తేడా తెలియదు, విమానంలో రంధ్రం పడినట్టు ఉంటుంది. దాడి గీతల్లో ఇది అందరూ చేసే తప్పు.

కామఫ్లాజ్ ఆకారాలను కూడా ఊహించకండి. స్పిట్‌ఫైర్, హరికేన్‌ల మీద ఆ వంకర గీతలు ఫ్యాక్టరీ నమూనా ప్రకారమే ఉండేవి. యుద్ధం మొదట్లో ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు నమూనాలు వాడారు. కాబట్టి 1940 విమానమైతే ఫొటోలో కాక్‌పిట్ పక్కన ఏ రంగు ఉందో చూసి రెండింట్లో ఏదో తేల్చుకోండి. జర్మన్ విమానాల పక్కల మీది మచ్చలు మాత్రం ప్రతి విమానానికీ వేరు. వాటిని ఫొటో నుంచి ఒక్కొక్కటిగా దింపుకోవాలి. కంప్యూటర్ కుంచెతో యథేచ్ఛగా చల్లిన మచ్చలు ఎప్పుడూ సమానంగా పడతాయి. మనిషి చేతితో చల్లినవి అలా పడవు.

గుర్తులు, అక్షరాలు, గీతలు

కోడ్ అక్షరాలకు కంప్యూటర్ ఫాంట్ వాడకండి. వాటిని మనుషులు గీశారు. ఒక స్క్వాడ్రన్‌లో ఎస్ అక్షరం పొట్ట పెద్దదిగా, మరోదానిలో నిటారుగా ఉండేది. ఫొటోను అడుగున పెట్టి, దాని మీద వెక్టర్‌లో గీసుకోండి. ఫొటో ఏటవాలుగా తీసినదైతే ముందు దాన్ని సాపు చేయాలి. దానికి పలకల గీతలనే కొలబద్దగా పెట్టుకోవచ్చు, ఎందుకంటే అవి టెంప్లేట్‌లోనూ ఉన్నాయి. అక్షరం ఎడమ కాలు ఏ పలక మధ్యలో పడింది, కింది అంచు ఏ రివెట్ వరుసకు తగిలింది అని చూసి కూర్చోబెట్టండి. ఈ ఒక్క అలవాటుతో మీ స్కిన్ సగం స్కిన్లను దాటిపోతుంది.

దాడి గీతల దగ్గర కాస్త ఆగుదాం, మొదట నన్ను ముంచింది అవే కదా. మూడు తెలుపు, రెండు నలుపు, మొత్తం అయిదు. ఒక ఇంజిన్ విమానానికి ఒక్కోటి 18 అంగుళాలు, రెండు ఇంజిన్ల దానికి 24. నాలుగు ఇంజిన్ల భారీ బాంబర్లకు వేయలేదు. దాడికి ఒకటి రెండు రోజుల ముందు, రహస్యం బయటపడకూడదని చివరి నిమిషంలో, దొరికిన కుంచెలతో గబగబా వేశారు. అందుచేత చాలా విమానాల మీద అంచులు వంకర, తెలుపు కింద నుంచి ఆకుపచ్చ తొంగిచూస్తుంది, సీరియల్ నంబరు చుట్టూ ఒకరు జాగ్రత్తగా ఖాళీ వదిలితే ఇంకొకరు దాని మీదుగానే పూసేశారు. కొన్నిచోట్ల మాత్రం టేపు అంటించి చక్కగానే వేశారు. మీ విమానానిది ఏ రకమో ఫొటో చెబుతుంది. ఫొటో లేకపోతే వంకరగానే వేయండి. ఇంకొక మాట: నెల తిరగ్గానే పైభాగపు గీతలు తీసేయమని ఆదేశం వచ్చింది. కాబట్టి ఆగస్టు నాటి విమానానికి గీతలు దేహం అడుగున, రెక్కల కింద మాత్రమే మిగిలి ఉండటం సహజం. పైన చెరిపిన చోట కొత్త ఆకుపచ్చ, పాత ఆకుపచ్చ కంటే ముదురుగా అతుకు వేసినట్టు కనిపించాలి.

జర్మన్ విమానాల తోక మీది స్వస్తిక విషయం ముందే ఆలోచించుకోండి. జర్మనీ చట్టం నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను కొన్ని మినహాయింపులతో నిషేధిస్తుంది, చాలా ఆటలు వాటిని తమ నిబంధనల్లోనే వద్దంటాయి. దాన్ని వేరే లేయర్‌లో ఉంచి, అది లేని ఫైలునే బయటికి ఇవ్వడం నా పద్ధతి. ఫిన్లాండ్ విమానాల మీది నీలి స్వస్తిక కథ వేరు. అది 1918 నుంచి వారి వాయుసేన గుర్తు, నాజీలతో పుట్టినది కాదు, 1945లో దాన్ని మార్చుకున్నారు. అయినా ఆట నిబంధన రెండింటికీ తేడా చూపించకపోవచ్చు, చదివి చూసుకోండి.

మాసిపోవడం: ఎక్కువమంది తప్పటడుగు వేసే చోటు

రంగు ఊడిన గుర్తులు వేయడం సరదాగా ఉంటుంది. సరదాలో పడి, విమానం దేనితో చేశారో మరిచిపోతారు. హరికేన్ దేహంలో వెనక భాగం లోహం కాదు, చట్రం మీద బిగించిన గుడ్డ. అక్కడ వెండి రంగు గీతలు పడవు. మస్కిటో అనే బ్రిటిష్ విమానం దాదాపు మొత్తం చెక్క. దాని రెక్క ముందంచు మీద అల్యూమినియం మెరుపులు వేసిన స్కిన్లు నేను లెక్కలేనన్ని చూశాను, వాటిలో ఒకటి నాదే. స్పిట్‌ఫైర్ తోక చుక్కాని కూడా గుడ్డే. కాబట్టి మాసిపోవడం మొదలుపెట్టే ముందు లోహం, గుడ్డ, చెక్క ఎక్కడెక్కడ ఉన్నాయో మూడు రంగుల్లో ఒక పటం వేసుకుని, దాన్ని అన్నిటి మీదా దాచిన లేయర్‌గా ఉంచండి.

లోహం ఉన్నచోట కూడా అన్ని దేశాల రంగూ ఒకేలా ఊడదు. కీ-43 వంటి జపాన్ సైన్యపు విమానాల్లో చాలావాటికి ఆకుపచ్చను ప్రైమర్ లేకుండా నేరుగా లోహం మీదే వేశారు. అవి పొరలు పొరలుగా రాలిపోయి, ఫొటోల్లో చీడపట్టిన ఆకుల్లా ఉంటాయి. మిత్సుబిషి తయారుచేసిన జీరో ఫైటర్లకు ప్రైమర్ ఉండేది, అవి అంతగా రాలవు. ఈ రెంటినీ కలిపేసి "జపాన్ విమానం అంటే ఊడిపోవాలి" అనుకోవడం పొరపాటు.

ఊడటానికి ఒక కారణం ఉండాలి. మనిషి కాలు పడే చోటు: పైలట్ ఎక్కే వైపు, అంటే స్పిట్‌ఫైర్‌కు ఎడమ రెక్క మొదలు. మనిషి చేయి, స్క్రూడ్రైవర్ పడే చోటు: ఇంజిన్ మూతల బిగింపులు, తుపాకీ గుళ్లు నింపే తలుపుల అంచులు, పెట్రోలు పోసే మూత చుట్టూ. దుమ్మూ గులకరాళ్లూ కొట్టే చోటు: ప్రొపెల్లర్ అంచులు, రెక్క ముందంచు. ఈ చోట్లు దాటి రంగు ఊడిందంటే ఎందుకూడిందో మీరు చెప్పగలగాలి.

మరకల దిశ కూడా చూసుకోండి. నిలబెట్టిన విమానం మీద ఆయిల్ కిందికి కారుతుంది, ఎగిరే విమానం మీద వెనక్కి సాగుతుంది. పొగ మరక పొగ గొట్టం దగ్గర సన్నగా మొదలై వెనక్కి వెళ్లే కొద్దీ వెడల్పవుతూ పలచబడుతుంది. దాని రంగు నలుపే అయి ఉండాలని లేదు. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు కాబట్టి ఎక్కువ దూరం ప్రయాణించిన విమానాల మీద బూడిద తెలుపు మరక పడేది. నల్లటి మసి వెనక బూడిద తెలుపు నాలుక ఒకటి సన్నగా వేసి చూడండి, ఎంత తేడా వస్తుందో. బ్రిటిష్ ఫైటర్ల తుపాకీ రంధ్రాల మీద చలి, తేమ సోకకుండా ఎర్ర గుడ్డ ముక్కలు అంటించేవారు. కాల్పులు జరిపితే అవి చిరిగిపోతాయి. కాబట్టి ఎర్ర ముక్కలు చెక్కుచెదరకుండా ఉండి, రెక్క కింద కాల్పుల మసి దట్టంగా ఉంటే ఆ రెండూ పొసగవు. మసి తుడవకుండా గుడ్డ ముక్క మార్చారు అనుకుంటే తప్ప.

ఇక మోతాదు. ఒక ఫైటర్ స్క్వాడ్రన్‌లో విమానం సగటున ఎక్కువ కాలం బతికేది కాదు. వచ్చిన మూడు వారాల విమానానికి మూడేళ్ల మాపు వేయకండి. ఫారం 541లో ఆ సీరియల్ నంబరు మొదట ఏ రోజు కనిపించిందో చూస్తే విమానం వయసు తెలుస్తుంది. మీరు వేసిన మాపునంతా ఒక గుంపులో పెట్టి, దాని ఘాటును సగానికి తగ్గించి, ఒక రాత్రి నిద్రపోయి పొద్దున చూడండి. ఎనభై శాతం సందర్భాల్లో సగమే బాగుందని నాకు అనిపించింది. మిగతావాటిలో సగం కూడా ఎక్కువే.

మెరుపు, లోహం

కొత్త ఆటల్లో రంగు ఫైలు ఒక్కటే సరిపోదు. ఉపరితలం ఎంత గరుకు, ఎంత లోహం అన్నది చెప్పే మరో ఫైలు ఉంటుంది. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో దాని ఎరుపు చానెల్ ముడతల్లోని నీడను, ఆకుపచ్చ చానెల్ గరుకుదనాన్ని, నీలం చానెల్ లోహాన్ని చూపిస్తాయి. నియమం సూటిగా ఉంటుంది: పెయింటు లోహం కాదు. వెండి రంగు పెయింటు కూడా లోహం కాదు. రంగు ఊడి అల్యూమినియం బయటపడ్డ చోటే నీలం చానెల్ పైకి వెళ్లాలి.

దీనికి పీ-51 మస్టాంగ్ కంటే మంచి పాఠం లేదు. 1944లో రంగు వేయకుండా వచ్చిన మస్టాంగ్ అంతా మెరిసే లోహమే అనుకుంటాం. కానీ దాని రెక్క మీద గాలి నున్నగా జారాలని ఫ్యాక్టరీలోనే ముందు భాగంలో రివెట్ల గుంతలు, పలకల అతుకులు లప్పంతో పూడ్చి, సానబట్టి, వెండి రంగు పూసేవారు. అంటే దేహం మెరుస్తుంది, రెక్క మసకగా ఉంటుంది. స్కిన్‌లో రెక్క ముందు భాగానికి లోహం విలువ తగ్గించి, గరుకుదనం పెంచి, అక్కడి రివెట్లను, పలకల గీతలను దాదాపు చెరిపేయండి. దేహం మీది లోహాన్ని కూడా ఒకే ఛాయలో పరచకండి. పక్కపక్క పలకలు వేర్వేరు రేకుల నుంచి కోసినవి, ఒక్కో పలక గరుకుదనం అయిదు పది పాయింట్లు అటూ ఇటూ ఉంటే చాలు, ఎండ తిరిగినప్పుడు అవి విడివిడిగా పలుకుతాయి.

ఫైలు రాయడం, ఆటలో పెట్టడం

ఇది రుచి లేని భాగం, తొందరగా ముగిద్దాం. చాలా ఆటలు డీడీఎస్ అనే రకం బొమ్మ ఫైలు అడుగుతాయి; గింప్ కొత్త వెర్షన్లు దాన్ని నేరుగా రాస్తాయి. అందులో కుదింపు రకం ఎంచుకోవాలి: పారదర్శకత చానెల్ అవసరం లేకపోతే డీఎక్స్‌టీ1, అవసరమైతే డీఎక్స్‌టీ5. 4096 పిక్సెళ్ల చతురస్రం మొదటి రకంలో 8 మెగాబైట్లు, రెండో రకంలో 16. దూరం నుంచి చూసేందుకు చిన్న నకళ్లు, అంటే మిప్‌మ్యాప్‌లు, తప్పక చేర్చండి. ఫైలు మూడో వంతు పెరుగుతుంది, కానీ అవి లేకపోతే దూరపు విమానం మీద గీతలు మిణుకుమిణుకుమంటాయి. పాత సిమ్యులేటర్ ఐఎల్-2 1946 అయితే 256 రంగుల బీఎంపీ కావాలి. అందులో నెమ్మదిగా మారే ఛాయలు మెట్లు మెట్లుగా విరుగుతాయి, కాబట్టి డిథరింగ్, అంటే చుక్కలు కలిపి ఛాయల మధ్య మెట్లు కనపడకుండా చేసే పద్ధతి, పెట్టుకోండి.

డీసీఎస్‌లో ఫైళ్లు సేవ్డ్ గేమ్స్ లోపల లివరీస్ ఫోల్డర్‌లో, విమానం పేరున్న ఫోల్డర్‌లోకి వెళతాయి, పక్కన డిస్క్రిప్షన్ డాట్ లూవా అనే చిన్న వివరాల ఫైలుతో సహా. ఆ ఫైలులో ప్రతి వరుస చివరా నిజం లేదా అబద్ధం అని ఉంటుంది. అబద్ధం అంటే "ఈ బొమ్మ నా ఫోల్డర్‌లోనే ఉంది" అని, నిజం అంటే "ఆట సొంత బొమ్మల్లో వెతుకు" అని. మీ స్కిన్ ఎక్కకపోతే పదిలో తొమ్మిది సార్లు ఇక్కడే, లేదా ఫైలు పేరులో ఒక అక్షరం దగ్గరే తప్పుంటుంది. వార్ థండర్ అనే ఆటకు యూజర్‌స్కిన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది.

ఎక్కించాక మధ్యాహ్నం ఎండలో, మబ్బు పట్టిన రోజున, సాయంకాలం మూడుసార్లు చూడండి. తర్వాత మీ ఆధారపు ఫొటో తీసిన కోణంలోనే ఆట కెమెరా నిలిపి, తెరను నలుపు తెలుపు చేసి, రెంటినీ పక్కపక్కన పెట్టండి. అక్షరాలు ఒక పలక వెనక్కి జరిగాయా, వలయం పెద్దదయిందా, రెండు రంగుల మధ్య తేడా ఎక్కువయిందా అన్నది రంగులో చూస్తే తెలియదు, ఇలా చూస్తే దాగదు. ఫొటో ఆర్థోక్రొమాటిక్ అని తేల్చి ఉంటే మీ చిత్రంలోంచి ఎరుపు చానెల్ తీసేసి పోల్చండి.

స్కిన్‌ను ఇతరులకు ఇచ్చేటప్పుడు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు జతచేయండి. సీరియల్, స్క్వాడ్రన్, తేదీ, ఏ ఫొటోలు చూశారు, ఏవి ఊహించారు. ఇంతకుముందు రాసిపెట్టుకున్న ఊహల జాబితా ఇక్కడికే వస్తుంది. "కుడివైపు అక్షరాల క్రమం ఊహ" అని నిజాయతీగా రాస్తే, ఎక్కడో ఎవరి దగ్గరో ఉన్న ఆ కుడివైపు ఫొటో మీకు చేరే అవకాశం పెరుగుతుంది. అందుకని లేయర్ల ఫైలును ఎప్పుడూ చెరపకండి. నా దగ్గర అలా కుడివైపు కోసం ఎదురుచూస్తున్న విమానాలు ఇప్పటికి నాలుగున్నాయి.